పాచికల బల్లయొద్ద

గుంటూరు సీమనుండి ఒక తల్లి వ్రాసిన జాబు ఈ నెల నాకు చేరినది. ఆమె కుమార్తెయు అల్లుడును అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కాపురమున్నారు. వచ్చు వేసవిలో ఆ దంపతు లచటికి పోనున్నారు. అల్లుడుగారు మామగారిని అట్లాంటిక్ సిటీ యను సముద్రతీర పట్టణమునకు తీసికొనిపోయి, కేసినోలో క్రాప్స్ అను పాచికలాట ఆడింతునని మాట యిచ్చిరట. "మావారు ఉద్యోగము విరమించి రెండేండ్లయినది. జన్మలో పేకముక్క ముట్టని మనిషి, ఇప్పు డా యాట చిత్రములు ముందు బెట్టుకొని రాత్రులు చూచుచున్నారు. నేనును వెంట పోవలసియున్నది. అచట ఎట్లు నిలువవలెను, ఏమి ముట్టరాదు, ఎంత పోవును? ఏమియు తెలియని దానివలె సంచి పట్టుకొని మూల నిలుచుట నా కిష్టము లేదు" అని ఆమె వ్రాసినది.

ఇట్టి ప్రశ్నకు కుటుంబ పత్రికలో చోటేమిటని కొందరు సోదరీమణు లనవచ్చును. జూదము మంచిదని నే ననబోవుటలేదు. ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తము జూదరి గోడే. అందులో వాని భార్య దుఃఖమును, అత్తగారి విసుగును కూడ చెప్పబడియున్నవి. ఇన్ని వేలేండ్లనుండి దెబ్బ తగులుచున్నది ఇంటి యాడుదానికే యైనపుడు, ఆట యేమిటో ఆమెయే యెరుగకుండుట ఏమి న్యాయము? మన రెండు తెలుగు రాష్ట్రములలోను పందెపు జూదము 1974 నాటి చట్టముచే నిషిద్ధము. అమెరికాలో నెవాడా రాష్ట్రము 1931లో జూదశాలలను చట్టసమ్మతము చేసినది. న్యూజెర్సీలో మొదటి కేసినో 1978లో తెరువబడినది. ఇరువదియొక్క యేండ్లు నిండినవారెవ్వరైనను అచట ఆడవచ్చును. పిల్లలను చూడబోయిన మన పెద్దలు బస్సులలోను కార్లలోను ఈ పట్టణములకు పోయి వచ్చుచునే యున్నారు. కావున తెలిసికొని పోవుటయే మేలు.

క్రాప్స్ ఆటకు తల్లి ఇంగ్లండులోని హజార్డ్ అను పాత పాచికలాట. అది ఫ్రెంచివారి చేతులమీదుగా న్యూఆర్లియన్స్ నగరము చేరి, అచట సులభమై, నౌకలవెంట, సైనికులవెంట దేశమంతయు ప్రాకినది. ఆ నగరములో ఒక వీధికి కొంతకాలము క్రాప్స్ వీధి యనియే పేరుండెడిది. రెండవ ప్రపంచయుద్ధములో సిపాయిలు కంబళి పరచి దానిమీద ఆడుకొనెడివారు.

బల్ల పొడవైన తొట్టివలె నుండును. చుట్టును నడుమెత్తు గోడ, దానిపై బిళ్ళలు వరుసగా నిలుపుకొనుటకు గాడి. ఆడువా రందరును నిలిచియే యాడుదురు. కాళ్లు నొచ్చువారు ముందే తెలిసికొనవలెను. నలుగురు పనివారుందురు. గోడకు ప్రక్కన నడుమ కూర్చుండి డబ్బును పాచికలను కనిపెట్టువాడు బాక్స్‌మన్. ఆయన కిరుప్రక్కల ఇద్దరు డీలర్లు పందెములు పెట్టించి చెల్లింతురు. ఎదుట వంకర కఱ్ఱ పట్టుకొని పాచికలను త్రోయువాడు స్టిక్‌మన్. అతడే పడిన సంఖ్యను ఎలుగెత్తి చెప్పును. స్త్రీలును ఈ పనులు చేయుదురు. బిళ్ళలకు రంగులు కలవు. సాధారణముగా తెలుపు ఒక డాలరు, ఎఱుపు అయిదు, ఆకుపచ్చ ఇరువదియైదు, నలుపు నూరు.

అచటి మర్యాదలు మొదట వింతగా తోచును. కాని వానిలో నూటికి తొంబది ఒక్క భయమునుండియే పుట్టినవి. ఆ భయమునకు మన భాష యెరిగిన పేరు శకుని. బల్లచుట్టు నిలిచిన పదునలుగురిలో ఎవడు శకునియో తెలియదు గనుక, అందరిని శకునులుగా నెంచి ఆ నియమములు చేసిరి. ఇది గ్రహించినచో ఒక్క నియమమును మరువరు, ఎవరైన కసరినపుడు నొచ్చుకొనరు.

పాచికలనే చూడుడు. ముప్పాతిక అంగుళము కొలతతో, గాజువలె ఆరపారగా కనబడునట్లు చేయుదురు. లోపల సీసమువంటిది దాచినచో బయటపడును. చుక్కలకై తొలచిన గుంటలను అంతే బరువుగల రంగుపదార్థముతో పూడ్చి నున్న చేయుదురు, ఒక ముఖము తేలిక కారాదని. అంచులు కత్తివలె వాడిగా నుండును. ప్రతి పాచికపై వరుససంఖ్యయు శాల గుర్తును ఉండును. శకుని పాచికలు తండ్రి యెముకలతో చేసినవను కథ జనుల నోళ్లలో నున్నదే కాని వ్యాసభారతమున కానరాదు. ఉండినచో ఆ పాచికలు ఈ బల్లపై ఒక్క గడియ నిలిచెడివి కావు. కౌటిల్యుడును తన అర్థశాస్త్రములో జూదశాల కొక అధ్యక్షుని నియమించి, పాచికలను మార్చి పెట్టినవానికి 12 పణముల దండము విధించినాడు. భయము క్రొత్తది కాదు.

మీ వంతు వచ్చినపుడు స్టిక్‌మన్ నాలుగైదు పాచికలను మీ ముందుకు త్రోయును. రెంటిని ఏరుకొనవలెను. ఒక్క చేతితోనే తీయవలెను, ఆ చేతితోనే వేయవలెను. ఒక చేతినుండి మరియొక చేతికి మార్చరాదు. గుప్పిటిలో దాచి రుద్దరాదు, చేతిని బల్ల అంచు దాటించి వెనుకకు తీయరాదు. మన యింట గవ్వలాడునపుడు రెండు అరచేతులను జోడించి గలగలలాడించి వేయుదుము. శివరాత్రి జాగరమున పచ్చీసాడిన చేతులకు ఈ యలవాటు మానుట కొంచెము కష్టమే. అచట అట్లు చేసినచో నలుగురును ఒక్కమారు అరతురు. రెండు చేతులు కలిసిన చోట పాచిక మారుట సులభము గదా. వేసినపుడు రెండును ఎదుటి గోడకు తగిలి వెనుకకు రావలెను. ఆ గోడకు మొనలు తేలిన రబ్బరు తొడిగియుందురు. పాచిక దొర్లక జారునట్లు వేయు నేర్పు ఆ మొనలకు తగిలి చెడిపోవును. బలముగా విసరుట కూడదు. పాచిక బల్ల దాటి క్రింద పడినచో పరుగెత్తి తీయకుడు. పనివారే తెచ్చి బాక్స్‌మన్‌కు చూపింతురు, ఆయన త్రిప్పి చూచి మరల ఆటలోనికి విడుచును. పాచికలు వేయుట ఇష్టము లేనిచో తల యూపి చేయి చూపినచాలు, అవి ప్రక్కవారికి పోవును. అందులో అవమాన మేమియు లేదు. మొదటి దినము అదియే మంచిదని నా అభిప్రాయము.

డబ్బు విషయము. నోట్లను డీలరు చేతికీయకుడు, అతడు పుచ్చుకొనడు. మన యిండ్లలో ఉప్పును చేతికీయక క్రింద పెట్టుదుము గదా, అచట డబ్బును అట్లే బల్లపై పెట్టవలెను. చేతినుండి చేతికి పోయినది పైనున్న కెమెరా కన్నులకు కానరాదు. బల్లపై పరచి లెక్కించినది అందరికిని కనబడును. ఒకరి పాచికల వేతకును మరియొక వేతకును నడుమ, పాచికలు స్టిక్‌మన్ ముందు నిలిచియున్నపుడు, నోట్లను ముందుంచి "చేంజ్ ప్లీజ్" అని యూరకుండవలెను. బిళ్ళలను కూడ వారు బల్లమీదనే పెట్టుదురు, మీరు తీసికొని గాడిలో నిలుపుకొనవలెను. ఇతరుల గాడిమీద చేయి పడనీయకుడు. మీ గాడిమీదను ఒక చూపుంచుకొనుడు.

పాచికలు కదలినంతనే చేతులు లోపలినుండి తీసివేయవలెను. ఇది మరచినవారికే మాటలు పడును. మీ చేతికి తగిలిన పాచిక ఏడుగా నిలిచినచో ఆ బల్లయందలి పదిమంది మొగములు చూడలేము. పొడవైన పైటకొంగు కట్టు సోదరీమణులు కొంగును నడుమున దోపుకొనుట మంచిది. గాజుల చేయి లోనికి చాచి ఉంచరాదు. కాఫీగాని పండ్లరసముగాని గోడక్రింది అరలో ఉంచవలెను, బల్లపైకి తేరాదు. ఆడుచున్నవారికి పానీయములు ఉచితముగా తెచ్చి యిత్తురు. మద్యమే పుచ్చుకొనవలెనను నిర్బంధము లేదు, కాఫీ యడిగినను తెత్తురు. తెచ్చిన అమ్మాయి కొక డాలరిచ్చుట అచటి వాడుక. ఫోనులో మాటలాడరాదు, ఛాయాచిత్రములు తీయరాదు. చేతిసంచిని భుజమునకు తగిలించుకొని ముందువైపున ఉంచుకొనుడు.

ఇక ఆట. చూచుటకు బల్లపై గీతలు సంక్రాంతి ముగ్గువలె కలగాపులగముగా నుండును గాని, మొదటిసారి పోవువారికి కావలసినది ఒక్క గీతయే. దాని పేరు పాస్ లైన్. ఆట మొదలగునపుడు డీలరుల యొద్ద నల్లని ఆఫ్ బిళ్ళ యుండును. అప్పుడు మీ యెదుట పాస్ లైన్ మీద మీ పందెమును మీరే పెట్టవచ్చును. మొదటిసారి వేసినపుడు రెండు పాచికల మొత్తము ఏడుగాని పదునొకండుగాని అయినచో గెలుపు. రెండు, మూడు, పండ్రెండు పడినచో ఓటమి. వీనికే క్రాప్స్ అని పేరు. తక్కిన నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది, వీనిలో నేది పడినను అదియే పాయింటగును. డీలరు బిళ్ళను తెల్లని ఆన్ వైపునకు త్రిప్పి ఆ సంఖ్యపై నుంచును. అటుపిమ్మట ఆ సంఖ్యయే మరల పడువరకో, ఏడు పడువరకో వేయుచుందురు. సంఖ్య ముందు పడినచో గెలుపు. ఏడు ముందు పడినచో పందెము పోవును, పాచికలు ప్రక్కవారి కందును. గెలిచినచో పెట్టినదానికి సమానముగా నిత్తురు. పాయింటు ఏర్పడినపిమ్మట పాస్ లైన్ మీది పందెమును వెనుకకు తీసికొనుటకు వీలులేదు. ఇది ముఖ్యము. అది మాట యిచ్చినట్లే.

ఏడునకే ఇంత పెత్తన మెందులకు? ఇచట నలమహారాజు కథ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అన్నియు పోగొట్టుకొని బాహుకుడై రథము తోలుచున్న నలునకు ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టు చూపి, దాని ఆకులను కాయలను నిలిచినచోటనే లెక్కించి చెప్పెను. నలుడు దిగి ఎంచి చూడగా లెక్క సరిపోయినది. ఆ విద్యయే అక్షహృదయము. మన త్రిఫలచూర్ణములో వేయు తానికాయ ఆ చెట్టుదే. వేదకాలమున ఆ కాయలే పాచికలు. చెట్టు కాయలను లెక్కించుటకును పాచికల మర్మమునకును సంబంధమేమని చిన్నతనమున నాకు సందేహముండెడిది. లెక్కయే మర్మమని ఇప్పుడు తోచుచున్నది.

ఒక పాచికకు ఆరు ముఖములు. రెండు పాచికలకు 36 విధములు. వానిలో ఏడు వచ్చునవి ఆరు. ఆరునకును ఎనిమిదికిని అయిదేసి, అయిదునకును తొమ్మిదికిని నాలుగేసి, నాలుగునకును పదికిని మూడేసి. మూడునకును పదునొకండునకును రెండేసి. రెండునకు ఒకటి, పండ్రెండునకు ఒకటి. పలకమీద వ్రాసి చూచుకొనుడు, పావుగంట పని. ఆట అంతయు ఈ ముప్పదియారింటిలోనే యున్నది. పాయింటు ఆరో ఎనిమిదో అయినచో కొంత ఆశపడవచ్చును. నాలుగో పదియో అయినచో ఏడు రెండింతలు బలముగలది.

మరి కేసినోవారికి లాభ మెచటనుండి? కౌటిల్యుని అధ్యక్షుడు గెలిచినవాని సొమ్ములో నూటికి అయిదు వంతున బాహాటముగా పుచ్చుకొనెడివాడు. కేసినోవా రట్లు చేయి చాపి యడుగరు. గెలిచినవానికి న్యాయముగా రావలసినదానికంటె కొంచెము తక్కువ యిచ్చి ఊరకుందురు. పాచికలలో మోసము లేదు. శకుని పాచికలలో నుండి లేచిపోయి చెల్లింపు పట్టికలో కూర్చున్నాడు.

పాస్ లైన్ లెక్క ఇది. 495 ఆటలాడినచో సగటున 244 గెలుపు, 251 ఓటమి. తేడా ఏడే. నూటికి ఒకటిన్నరకంటె తక్కువ. ఈ భిన్నములను మావారు నల్లబల్లమీద రెండుమార్లు సరిచూచిరి. ఇంత తక్కువ తీసికొను పందెములు కేసినోలో అరుదు. దీనికి ఎదురు పందెము డోంట్ పాస్. అందులో శాలవారి వాటా వెంట్రుకవాసి యింకను తక్కువ. కాని ఆ పందెము ఒడ్డినవారు తక్కినవారందరు ఓడినపుడు గెలుతురు. అందు తప్పు లేదు, అయితే పైకి సంతోషము చూపరాదు. పొరుగింట పాలు విరిగినపుడు నవ్వరు గదా.

పాయింటు ఏర్పడినతరువాత పాస్ లైన్ వెనుక ఆడ్స్ అను అదనపు పందెము పెట్టవచ్చును. దానికి న్యాయమైన ధరయే యిత్తురు. నాలుగు పదులకు ఒకటికి రెండు, అయిదు తొమ్మిదులకు రెంటికి మూడు, ఆరు ఎనిమిదులకు అయిదింటికి ఆరు. శాలవారి కందులో దమ్మిడీ మిగులదు. ఇది విని మగవారు ఉత్సాహపడుదురు. అయినను న్యాయమైన పందెములోను సొమ్ము పోవచ్చును. గెలుపుతోపాటు ఓటమియు పెద్దదగును. మొదటిసారి పోవువారు దీనిని విడిచినను నష్టము లేదు.

అసలు జాగ్రత్తపడవలసినది బల్ల నడుమనున్న గళ్లయొద్ద. స్టిక్‌మన్ కేకలు వేసి ఊరించునది వానికొరకే. వచ్చు వేతలో ఏడు పడునని పందెము వేసినచో ఒకటికి నాలుగిత్తురు. ఆరు మార్లకొకమారు పడునది గనుక న్యాయముగా అయిదీయవలెను. తేడా నూటికి పదునారు దాటినది. పండ్రెండు పడునన్నచో ఒకటికి 30 ఇత్తురు, ఈయవలసినది 35. నాలుగు నాలుగులుగానే ఎనిమిది పడవలెనను హార్డ్‌వే పందెమునకు 9 ఇత్తురు, ఈయవలసినది 10. ముప్పది యనగానే నోరూరును. ముప్పదియైదు ఎచట పోయినదని అడుగువారుండరు.

ఇపుడు ఆ తల్లి యడిగిన మూడవ ప్రశ్న, ఎంత పోవును? బల్లయొద్దనే ఫలకముపై కనీసపు పందెమెంతయో వ్రాసియుందురు. పదిహేను డాలర్ల బల్ల దొరికినదనుకొందము. గంటకు 100 మార్లు పాచికలు పడినవనుకొందము. మూడు నాలుగు వేతలకొక ఆట తెగును గనుక గంటకు ఇంచుమించు 30 పాస్ లైన్ ఆటలు. సగటున పోవునది ఆరు డాలర్లకు కొంచెము మించి. అదే మనిషి ప్రతి వేతకును అయిదు డాలర్లు ఏడుమీద వేయుచు నిలిచినచో గంటకు సగటున 83 డాలర్లు పోవును. పందెము మూడవవంతు, నష్టము పదమూడింతలు. సగటను మాట మరువకుడు. ఏ ఒక్క గంటలోనైనను నూరు డాలర్లు వచ్చుటయు నూరు పోవుటయు మామూలే. అట్లు వచ్చిన గంటయే ప్రమాదకరమైనది. తనకేదో విద్య పట్టుబడినదని ఎంత వివేకికైనను తోచును.

నమ్మకములు అచటను తక్కువ కాదు. బల్లయొద్ద ఏడు అను మాట పలుకరాదు, పలికినచో పడునని భయము. మనము పామును పురుగందుము, దీపము కొండెక్కినదందుము. వారు ఏడును పెద్ద ఎఱుపు అని వ్యవహరింతురు. పదునొకండును యో యందురు, ఇంగ్లీషున ఆ రెండంకెల పేళ్లు వినుటకు దగ్గరగా నుండుటచేత. రెండు ఒంట్లు పడినచో పాముకన్నులు, రెండారులు పడినచో గూడ్సుపెట్టెలు. జన్మలో మొదటిసారి పాచికలు పట్టిన స్త్రీ చేతిలో అదృష్టముండునని కూడ నమ్ముదురు, గనుక మీరు క్రొత్తవారని తెలిసినచో చప్పట్లు కొట్టుదురు. వారి ముచ్చట కాదనకుడు, మీరు మాత్రము నమ్మకుడు.

ఆ నమ్మకమునకు బలమిచ్చిన సంగతి యొకటి నిజముగనే జరిగినది. 2009 మే నెలలో అట్లాంటిక్ సిటీలోని బోర్గాటా కేసినోలో ఒక మామ్మగారు పాచికలు పట్టి, పాయింటు తరువాతి ఏడు పడకుండ 154 మార్లు, నాలుగు గంటల పదునెనిమిది నిమిషములు వేసినారు. ఆమె ఆ యాట ఆడుట అది రెండవ పర్యాయమేనట. సగటున పాచికలు ఒకరి చేతిలో ఎనిమిది తొమ్మిది వేతలకంటె నిలువవు. ఆమె మంత్రమేమియు వేయలేదు. లక్షల చేతులు లక్షల దినములు వేయుచుండగా ఎవరికో ఒకరికి అట్లు పడును. పాచికకు జ్ఞాపకముండదు. నూరు మార్లు ఏడు రానందున నూటొకటవ మారు వచ్చుననియు లేదు, రాదనియు లేదు.

ఇక బయలుదేరుటకు ముందు ఇంటియొద్ద చేయవలసిన పని. నలుడు పుష్కరునితో ఆడుచు వరుసగా ఓడుచున్నపుడు దమయంతి ఏడ్చుచు కూర్చుండలేదు. ఆట మాన్పింప ప్రయత్నించినది. అది సాగకపోగా సారథి వార్ష్ణేయుని పిలిపించి బిడ్డలిద్దరిని రథమెక్కించి పుట్టింటికి పంపినది. పోరానిదానిని పోవుటకు ముందే అందనిచోట నుంచినది. ఆ తల్లికి నా సలహా యిదే. ఆటకింత యని నిర్ణయించుకొనుడు, రెండువందల డాలర్లనుకొందము. దానిని నోట్లుగా వేరు సంచిలో పెట్టుడు. బ్యాంకు కార్డులను కుమార్తె యింటనే విడువుడు, శాలలో డబ్బు తీయు యంత్రములు అడుగడుగున నుండును. పింఛనుసొమ్ములోనుండి ఆ రెండువందలు తీయవచ్చునా యనునది మీ ఇరువురును కలిసి యింటిలో తేల్చుకొనవలసిన మాట. సభలో ద్రౌపది వేసిన ప్రశ్న, తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యనునది, ఎంతటి ధర్మజ్ఞులకును సమాధానము దొరకనిదైనది. ఆట ముగిసినతరువాత అడిగినందున దానికి ఫలము లేకపోయినది. మీరు ముందే అడుగుడు. అల్లుడుగారి ఎదుట భర్తను చిన్నబుచ్చునట్లు బల్లయొద్ద కొంగు లాగుటకంటె, ముందురోజు రాత్రి భోజనమైనపిమ్మట నెమ్మదిగా ముప్పదియారింటి లెక్క వ్రాసి చూపుట మేలు. చిత్రములు చూచి నేర్చినవారు లెక్కను కాదనలేరు.

అల్లుడుగారు అప్పిత్తునన్నను పుచ్చుకొనవలదు. రెండువందలును అయిపోయినచో ఆ దినమునకు ఆట అయిపోయినట్లే. సముద్రపుటొడ్డున చెక్కల దారి మైళ్లకొలది యున్నది, నడచుటకు రుసుము లేదు. ఒకవేళ మనస్సు మాటిమాటికి ఆ వైపునకే లాగుచున్న మనిషి ఇంటిలో నున్నచో, తన్ను లోనికి రానీయవలదని తానే పేరు వ్రాయించుకొను పట్టిక న్యూజెర్సీ రాష్ట్రమున కలదు. పేరు వ్రాసినవారిని కేసినోలు రానీయరాదు. ఇట్టి యేర్పాటున్నదని మన పిల్లలు పెద్దలకు చెప్పుట కానరాదు గనుక వ్రాయుచున్నాను.

బల్ల విడుచునపుడు గాడిలోని చిన్న బిళ్ళలన్నియు గుప్పిళ్లతో ఎత్తి సంచిలో పోసికొని పోరాదు. ఒకరి ఆట ముగిసి పాచికలు నిలిచినపుడు వానిని డీలరుముందు బల్లపై పెట్టి "కలర్ అప్" అనవలెను. ఆయన రంగులవారీగా పేర్చి, లెక్కించి, పెద్ద బిళ్ళలుగా మార్చి యిచ్చును. పనివారు మర్యాదగా నేర్పినచో ఒకటి రెండు బిళ్ళలను వారికని చెప్పి విడుచుట వాడుక. ఆ బిళ్ళలను దూరముగా పంజరమువంటి కిటికీలో కూర్చున్నవారికిచ్చినచో నోట్లిత్తురు. పాస్‌పోర్టు వెంట నుండవలెను, అడిగినను అడుగవచ్చును. నోట్లను అచటనే లెక్కించుకొని, కార్డులు లేని ఆ వేరు సంచిలోనే ఉంచుడు.